పదకొండో అంతస్తులో ఉన్న అమ్మకు పార్కు ఏం చేస్తుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీ అమ్మగారు అమలాపురం దగ్గర పల్లెలో పెరడున్న ఇంట్లో బతికిన మనిషి. నాన్నగారు పోయాక నిజాంపేటలో పదకొండో అంతస్తులో ఉన్న మీ ఫ్లాటుకు వచ్చారు. ఏడాది కావస్తోంది. మాట తగ్గిపోయింది, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, టీవీ ముందు కూర్చుంటారు గాని చూడరు. డాక్టరుగారు మందు రాసి, "రోజూ పార్కులో తిప్పండి" అన్నారు. పచ్చదనం నిజంగా మనసును బాగుచేస్తుందా, లేక ఫ్లాట్లు అమ్మేవాళ్ళ ప్రకటనల మాటేనా అని అడిగారు. ఇంటి నుంచి పనిచేసే మీకు కూడా ఈమధ్య చిరాకు, అలసట ఎక్కువయ్యాయని, ఏడేళ్ళ బాబు ఫోను వదలడం లేదని చివర్లో రెండు ముక్కలు రాశారు. వాటి సంగతి కూడా చెబుతాను.

నేను మానసిక వైద్యురాలిని, చాలా ఏళ్ళుగా హైదరాబాద్‌లోనే ప్రాక్టీసు. పచ్చదనం పనిచేస్తుందనే నా అనుభవం, పరిశోధనలు కూడా అదే చెబుతున్నాయి. కాకపోతే అది ఏ రకం పచ్చదనం, ఇంటికి ఎంత దూరంలో ఉంది, అక్కడికి వెళ్ళి మనిషి ఏం చేస్తున్నారు అన్నవాటిని బట్టి ఫలితం చాలా మారిపోతుంది. మీవారు ఆదివారాలు కేబీఆర్ పార్కుకు తీసుకెళదామంటున్నారని రాశారు. తప్పకుండా వెళ్ళండి. 350 ఎకరాలకు పైనే ఉన్న అడవి అది, 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు, నెమళ్ళు కనిపిస్తాయి. కానీ వారానికోసారి అంత దూరం వెళ్ళి చూసొచ్చే ఆ అడవి కంటే, రోజూ లిఫ్టు దిగి పది నిమిషాల్లో చేరుకోగల వేపచెట్టు, దాని కింద ఒక బెంచీ మీ అమ్మగారికి ఎక్కువ మేలు చేస్తాయి.

ముందు మీ అనుమానం సంగతి. అది సరైన అనుమానమే. పార్కుల పక్కన ఉండేవాళ్ళ మానసిక ఆరోగ్యం బాగుందని చెప్పే సర్వేలు చాలా వచ్చాయి. అయితే పార్కు పక్కన ఇల్లు కొనగలిగేది ఎవరు? డబ్బున్నవాళ్ళు. వాళ్ళకు అప్పుల బాధ తక్కువ, వైద్యం దగ్గర్లో ఉంటుంది. అలాంటప్పుడు ఆ ప్రశాంతత చెట్ల వల్ల వచ్చిందా, బ్యాంకు ఖాతా వల్ల వచ్చిందా అని అడగాల్సిందే. మరోవైపు, మనసు బాగున్నవాళ్ళే బయటికి వెళతారు, బాగాలేనివాళ్ళు ఇంట్లో ఉండిపోతారు. కాబట్టి సర్వే ఒక్కటే సరిపోదు.

ఈ చిక్కు విప్పడానికి అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక మంచి ప్రయోగం చేశారు. 2018లో దాని ఫలితాలు వచ్చాయి. ఆ నగరంలో ఇళ్ళు కూలిపోయి, చెత్త పేరుకుపోయిన ఖాళీ స్థలాలు వేలల్లో ఉన్నాయి. అందులో 541 స్థలాలు తీసుకుని, చీటీలు తీసినట్టుగా మూడు గుంపులు చేశారు. మొదటి గుంపులో చెత్త ఎత్తేసి, నేల చదును చేసి, గడ్డి వేసి, కొన్ని చెట్లు నాటి, చుట్టూ పొట్టి చెక్క కంచె కట్టారు. రెండో గుంపులో చెత్త మాత్రమే తీశారు. మూడో గుంపును ఉన్నది ఉన్నట్టే వదిలేశారు. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళను ముందు, తర్వాత కూడా ప్రశ్నించారు. ఏమీ చేయని చోట్లతో పోలిస్తే, పచ్చగా మార్చిన చోట్ల "దిగులుగా ఉంటోంది" అని చెప్పేవాళ్ళు 41.5 శాతం తగ్గారు. బాగా పేద బస్తీల్లో తగ్గుదల ఇంకా ఎక్కువ. చెత్త మాత్రమే తీసిన చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

ఇక్కడ డబ్బున్నవాళ్ళు పచ్చదనాన్ని వెతుక్కుని వచ్చి చేరడం కాదు, ఏ స్థలం పచ్చబడాలో చీటీయే తేల్చింది. అదే జనం, అదే వీధి. మారింది ఆ స్థలం ఒక్కటే. అది పెద్ద పార్కు కూడా కాదు, మన గాజులరామారంలోనో బాలానగర్‌లోనో రెండు ఇళ్ళ మధ్య ముళ్ళకంప పెరిగిన ప్లాటు లాంటిది. వాళ్ళు కొలిచింది మనుషులు చెప్పుకున్న దిగులునే గాని, డాక్టరు నిర్ధారించిన డిప్రెషన్ జబ్బును కాదు. ఆ తేడా మీకు చెప్పాలి, మీ అమ్మగారి విషయంలో ఇది ముఖ్యం. దానికి మళ్ళీ వస్తాను.

ఎందుకు పనిచేస్తుంది? రెండు మూడు దారులు కనిపిస్తున్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రేచల్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు చెప్పిన వివరణ మీకు బాగా నప్పుతుంది. లాప్‌టాప్ ముందు కూర్చుని పనిచేయడం, ట్రాఫిక్‌లో బండి నడపడం, మీటింగులో వినడం, ఇవన్నీ మనసును బలవంతంగా ఒకచోట నిలబెట్టే పనులు. చుట్టూ వచ్చే కుక్కర్ విజిల్, వాట్సాప్ చప్పుడు, పక్కింటి డ్రిల్లింగు, అన్నిటినీ తోసేస్తూ ఉండాలి. ఆ శక్తి అరిగిపోతుంది. అరిగిపోయినప్పుడు చిన్న మాటకే కోపం వస్తుంది, చదివిందే మళ్ళీ చదువుతాం. ఆకులు ఊగడం, నీడ జరగడం, ఉడుత కొమ్మ మారడం లాంటివి చూపును పట్టుకుంటాయి గాని మనల్ని ఏమీ అడగవు. ఆ కాసేపు మనసుకు విశ్రాంతి. ఫోనులో రీల్స్ చూడడం విశ్రాంతి ఎందుకు కాదో దీన్నిబట్టే తెలుస్తుంది. అవి కూడా చూపును పట్టుకుంటాయి, కాకపోతే ఇక వదలవు.

రెండోది, ఒకే ఆలోచన గిరగిరా తిరుగుతూ ఉండడం. "ఆరోజు ఆస్పత్రికి ఇంకాస్త ముందు తీసుకెళ్ళి ఉంటే..." అనే మాట మీ అమ్మగారు చాలాసార్లు అన్నారని రాశారు. డిప్రెషన్‌కు ఇది పెద్ద ఇంధనం. స్టాన్‌ఫర్డ్‌లో 2015లో కొందరిని గంటన్నర సేపు చెట్లున్న గడ్డి మైదానంలో నడిపించారు, మరికొందరిని బాగా రద్దీగా ఉండే రోడ్డు పక్కన నడిపించారు. చెట్ల మధ్య నడిచినవాళ్ళలో ఆ తిరుగుడు ఆలోచనలు తగ్గాయి, దానికి సంబంధించిన మెదడు భాగంలో చురుకుదనం కూడా తగ్గినట్టు స్కానింగులో కనిపించింది. రోడ్డు పక్కన నడిచినవాళ్ళలో అలా జరగలేదు. అంటే ఫలితం నడకది ఒక్కదానిదే కాదు, నడిచిన చోటుది కూడా.

మూడోది, మనుషులు. ఇది అన్నిటికంటే పెద్దదని నాకు అనిపిస్తుంది.

మీ అమ్మగారు పోగొట్టుకున్నది ఏమిటో ఒకసారి చూడండి. కోనసీమలో ఆవిడ పచ్చదనం కోసం ఎప్పుడూ పార్కుకు వెళ్ళి ఉండరు. పెరట్లో కొబ్బరిచెట్లు, అరటి, కరివేపాకు, పాదులకు నీళ్ళు, రాలిన మట్టలు ఏరడం, పొద్దున్నే ముగ్గు, సాయంత్రం అరుగు మీద నలుగురు. అక్కడ మొక్కలకు ఆవిడ అవసరం ఉంది, మనుషులకూ ఉంది. భర్త పోయిన బాధతో పాటు ఈ పని కూడా ఒక్కసారిగా పోయింది. ఇప్పుడు ఆవిడను పార్కుకు తీసుకెళ్ళి, "ట్రాక్ మీద నాలుగు రౌండ్లు వేయమ్మా" అంటే ఆవిడకు అది మందు బిళ్ళ మింగినట్టే ఉంటుంది. నాలుగు రోజులు వెళ్ళి "మోకాళ్ళు నొప్పి" అని మానేస్తారు. చాలా కుటుంబాల్లో ఇదే చూశాను. వాళ్ళు వచ్చి "పార్కు కూడా ట్రై చేశాం డాక్టర్, లాభం లేదు" అంటారు.

నా దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడ ఉన్నారు, ఊరు పేరు వద్దు. ఆవిడదీ ఇదే కథ. వాళ్ళ అపార్టుమెంటు వెనక జనరేటరు గది పక్కన గోడ వెంబడి కాస్త మట్టి మిగిలిపోయి ఉంది. కోడలు అసోసియేషన్‌ను అడిగి ఆ మట్టిని ఆవిడకు ఇప్పించింది. గోంగూర, తోటకూర, గోడకు పాకించిన బచ్చలి తీగ, ఒక కరివేపాకు మొక్క. కొన్నాళ్ళకు నా దగ్గరికి వచ్చినప్పుడు చేతిసంచిలోంచి కళ్ళజోడు డబ్బా తీసి తెరిచారు. లోపల మడతపెట్టిన కాగితంలో ఒక ఆకు, దానికి కింది వైపు తెల్లగా దూదిలా పట్టిన పిండినల్లి. "దీనికేం కొట్టాలమ్మా?" అని అడిగారు. వేపనూనె, సబ్బునీళ్ళు అని నాకు తెలిసింది చెప్పాను. అప్పటిదాకా ఎన్నో భేటీల్లో కోడలే మాట్లాడేది, ఆవిడ తల ఊపేవారు. ఆరోజు ఆవిడ మొక్కల గురించి, వాటి మీద బంతి వేసే పిల్లల గురించి, కరివేపాకు అడగడానికి వచ్చే మూడో అంతస్తు ఆవిడ గురించి చెబుతూనే ఉన్నారు. మందు ఆపలేదు, అది కూడా అవసరమే. కానీ మందు ఒక్కటే ఆవిడ చేత అన్ని మాటలు మాట్లాడించలేదు.

కాబట్టి మీ అమ్మగారికి నా సలహా, నడకతో మొదలుపెట్టకండి. చేతికి మట్టి అంటుకునే పనితో మొదలుపెట్టండి. బాల్కనీకి ఎండ తగిలితే నాలుగు కుండీలు, అసోసియేషన్ ఒప్పుకుంటే కింద కాస్త నేల లేదా టెర్రస్ మీద మిద్దెతోట. పూలకంటే ముందు ఆకుకూరలు వేయించండి. మెంతి, తోటకూర వారంలోపే మొలుస్తాయి. దిగులుగా ఉన్న మనిషికి ఆరు నెలల తర్వాత వచ్చే పువ్వు కంటే అయిదో రోజు వచ్చే మొలక ముఖ్యం. ఆ కూర మీ ఇంట్లో వండాలి, తినేటప్పుడు ఎవరు పెంచిందో మీ బాబు చేత అనిపించాలి.

బయటికి వెళ్ళే సమయం సాయంత్రం పెట్టండి. పార్కంటే పొద్దున్నే అనుకుంటాం గాని, రాత్రి ఎనిమిదింటికే నిద్ర ముంచుకొచ్చి తెల్లవారుజామున మూడింటికి లేచిపోయే పెద్దవాళ్ళకు సాయంత్రపు వెలుతురు మంచిది. అయిదు నుంచి చీకటి పడేవరకు బయట వెలుగులో ఉంటే శరీరంలోని గడియారం కాస్త వెనక్కి జరిగి, రాత్రి నిద్ర ఆలస్యంగా మొదలవుతుంది, మెలకువ కూడా ఆలస్యమవుతుంది. పైగా మన అపార్టుమెంట్లలో పెద్దవాళ్ళు కిందికి దిగేది కూడా ఆ వేళకే. రోజూ అదే చోటు, అదే వేళ ఉంచండి. మొదటి కొన్ని రోజులు మీరు పక్కన కూర్చోండి, ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళండి. ముఖాలు అలవాటయ్యాక వాళ్ళే "ఏ ఊరమ్మా మీది?" అని అడుగుతారు. గోదావరి జిల్లాల మనిషి ఒక్కరు తగిలినా మీ పని సగం అయిపోయినట్టే.

వెళ్ళే ముందు ఆ పార్కును మీరొకసారి పెద్దవాళ్ళ కళ్ళతో చూడండి. కూర్చోవడానికి బెంచీలు దగ్గర దగ్గరగా ఉన్నాయా, వాటికి వీపు ఆనించుకునే వీలుందా, నీడలో ఉన్నాయా? దారిలో దాటాల్సిన రోడ్డు ఎలాంటిది? వాడుకోదగ్గ బాత్రూమ్ ఉందా? ఈ చివరిది ఆడవాళ్ళు నోరు తెరిచి చెప్పరు. షుగరు ఉండి, తరచూ వెళ్ళాల్సి వచ్చే పెద్దావిడ "నాకు పార్కు ఇష్టం లేదు" అంటే చాలాసార్లు అర్థం అదే. దానికి తోడు వినికిడి, మోకాళ్ళు, థైరాయిడ్, బి12 ఒకసారి చూపించండి. చెవి సరిగ్గా వినపడక నలుగురిలో కూర్చోవడం మానేసినవాళ్ళను డిప్రెషన్ అనుకుని తీసుకొస్తుంటారు.

ఇక ఏ పచ్చదనం అన్న మాట. ఆస్ట్రేలియాలో సిడ్నీ, న్యూకాజిల్, వొలాంగాంగ్ నగరాల్లో దాదాపు 46 వేల మంది నడివయసు, పెద్దవయసు వాళ్ళను కొన్నేళ్ళు గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. చుట్టుపక్కల నేలలో 30 శాతం, అంతకు మించి చెట్ల నీడ ఉన్నచోట మానసిక ఒత్తిడికి లోనయ్యే అవకాశం 31 శాతం తక్కువ. గడ్డి మాత్రమే పరిచిన చోట అలాంటి మేలు కనిపించలేదు. మన గేటెడ్ కమ్యూనిటీల్లో "ల్యాండ్‌స్కేపింగ్" పేరుతో వేసేది చాలావరకు గడ్డి, నాలుగు పామ్ చెట్లు, మిగతాదంతా టైల్స్. ఏప్రిల్ ఎండకు అక్కడ ఎవరు కూర్చోగలరు? దాని మీద "గడ్డి మీద నడవరాదు" అని బోర్డు కూడా పెడతారు. ఆ బోర్డు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పిల్లలు ఆడకూడని, పెద్దలు కూర్చోలేని పచ్చదనం ఎవరి కోసం?

చెట్టు ఏదైనా ఒకటే అనుకోకూడదు. విశాఖలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్కరోజులో లెక్కలేనన్ని చెట్లను పడగొట్టింది. పొద్దున్నే లేచి చూస్తే తమ వీధి తామే గుర్తుపట్టలేకపోయామని అక్కడి స్నేహితులు ఇప్పటికీ చెబుతారు. ఆ వెలితి తొందరగా పూడ్చాలని ఊరంతా ఏడాకుల పాల చెట్లు విరివిగా నాటారు. తొందరగా పెరిగాయి, నీడా ఇచ్చాయి. కానీ చలికాలం మొదట్లో అవి పూసినప్పుడు ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఊపిరాడనట్టు ఉండడం అని జనం ఫిర్యాదులు మొదలుపెట్టారు. తెలంగాణలో రోడ్ల మధ్య నాటిన కొనోకార్పస్ మీద కూడా అలాంటి అభ్యంతరాలే వచ్చి, తర్వాత దాన్ని నాటడం ఆపేశారు. మీ అసోసియేషన్ మొక్కలు కొంటుంటే వేప, కానుగ, పొగడ అడగండి. మన ఎండకు తట్టుకుంటాయి, పిట్టలు వస్తాయి. పిట్టలు కూడా లెక్కలోకి వస్తాయి. జర్మనీలో 2022లో చేసిన ఒక ప్రయోగంలో ఆరు నిమిషాలు పక్షుల కూతలు వినిపిస్తేనే ఆందోళన తగ్గింది, ట్రాఫిక్ రొద వినిపిస్తే దిగులు పెరిగింది.

ఇప్పుడు మీ సంగతి. ఇంగ్లండులో దాదాపు 20 వేల మంది మీద చేసిన సర్వేలో, వారం మొత్తం మీద కనీసం 120 నిమిషాలు చెట్టూ చేమా ఉన్నచోట గడిపినవాళ్ళు తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని చెప్పడం ఎక్కువ. ఒకేసారి రెండు గంటలైనా, రోజూ కొంచెం కొంచెం అయినా తేడా రాలేదు. ఇది సర్వేనే గనక ముందు చెప్పిన అనుమానం దీనికీ వర్తిస్తుంది. అయినా 120 నిమిషాలంటే రోజుకు ఇరవై నిమిషాల లోపే, పోయేదేమీ లేదు. మీటింగుల మధ్య ఆ ఇరవై నిమిషాలు ఇయర్‌ఫోన్లు తీసేసి కిందికి దిగండి. నడుస్తూ ఆఫీసు కాల్ మాట్లాడితే అది కాళ్ళకు వ్యాయామమే గాని మనసుకు విశ్రాంతి కాదు. మీ పని బల్ల ఇప్పుడు గోడకు ఎదురుగా ఉందన్నారు, దాన్ని కిటికీ వైపు తిప్పండి. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలో ఒక ఆస్పత్రి రికార్డులు పరిశీలించారు. పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల్లో, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్ళు ఇటుక గోడ కనిపించినవాళ్ళ కంటే కాస్త ముందే ఇంటికి వెళ్ళారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ తీసుకున్నారు. పదకొండో అంతస్తు నుంచి చెట్లు కనపడవంటారేమో. ఆకాశం, కిటికీ గట్టు మీద ఒక మనీప్లాంటు, అంతైనా గోడకంటే మేలే.

బాబు విషయంలో ఒక్కమాట. డెన్మార్క్‌లో 9 లక్షల మందికి పైగా జనం రికార్డులు చూస్తే, చిన్నతనంలో ఇంటి చుట్టూ పచ్చదనం బాగా తక్కువ ఉన్నవాళ్ళకు, ఎక్కువ ఉన్నవాళ్ళతో పోలిస్తే తర్వాత మానసిక సమస్యలు వచ్చే అవకాశం 55 శాతం దాకా ఎక్కువ అని తేలింది. తల్లిదండ్రుల ఆదాయం, కుటుంబంలో ఉన్న జబ్బులు లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా పోలేదు. భయపెట్టడానికి చెప్పడం లేదు. సాయంత్రం అమ్మమ్మతో కిందికి వెళ్ళే డ్యూటీ వాడికి ఇవ్వండి. ఆవిడకు తోడు, వాడికి మట్టి, మీకు ఆ కాసేపు ఊపిరి పీల్చుకునే తీరిక.

మీ కాలనీ లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలం ఎక్కడుందో కూడా కనుక్కోండి. లేఅవుట్ వేసేటప్పుడు కొంత నేల ఖాళీగా వదలాలని నిబంధన ఉంది. చాలాచోట్ల అది కాగితం మీదే మిగిలి, నేల మీద షెడ్డో పార్కింగో అయిపోయింది. 2024లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా ఇలాంటి పార్కు స్థలాల ఆక్రమణ ఫిర్యాదులు తీసుకుంటోంది. నలుగురు కలిసి లేఅవుట్ ప్లాను కాపీతో అడిగితే కదలిక వస్తుంది. పార్కు లేని బస్తీల నుంచి నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళకు "బయట కాసేపు నడవండి" అని చెప్పాలంటే నాకు నోరు రాదు, నడవడానికి చోటేది వాళ్ళకు?

చివరిగా, ముందు వాయిదా వేసిన మాట. మీరు రాసిన లక్షణాలు ఉత్త బెంగలా లేవు, డిప్రెషన్‌లా ఉన్నాయి. మొక్కలు, పార్కు దానికి తోడు వైద్యమే గాని బదులు కాదు. మందు మొదలుపెట్టి రెండు వారాలే అయింది కాబట్టి ఇంకా ఫలితం కనపడకపోవచ్చు, డాక్టరుకు చెప్పకుండా ఆపకండి. తిండి బాగా తగ్గినా, బరువు తగ్గుతున్నా, "నేనుండి ఏం లాభం", "ఆయనతోపాటే పోతే బాగుండేది" లాంటి మాటలు వచ్చినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఆ మాటకు అర్థమేమిటో ఆవిడనే నేరుగా అడగండి, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. రాత్రివేళ ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోను చేయండి, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు ఒక కాగితం మీద రోజూ మూడు విషయాలు రాసి ఉంచండి: ఎన్నింటికి మెలకువ వచ్చింది, ఎంత తిన్నారు, తనంతట తాను ఎవరితోనైనా మాట్లాడారా. మందు డోసు మార్చాలా వద్దా అని మీ డాక్టరు నిర్ణయించడానికి ఆ కాగితం పనికొస్తుంది.